ఈసారి పచ్చే

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో శంకరప్ప సంగతి తెలియనివాళ్ళు లేరు. కష్టమైతే ఎన్నాళ్ళైనా కడుపులో పెట్టుకుంటాడు గానీ, సంతోషాన్ని మాత్రం ఒక్క పూట దాచలేడు. కూతురు సుమతికి నెల తప్పిందన్న కబురు ఆ పిల్ల మొగుడికంటే ముందు వీధి చివర టీ కొట్టు ఆదెప్పకు తెలిసింది. అలాంటి మనిషికి కొడుకును చూసి మురిసిపోయే అవకాశం దొరికితే ఊరుకుంటాడా?

కొడుకు నాగేష్‌కు ఇరవై నిండాయి. డిగ్రీ మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టమంటే జైల్లో వేసినట్టు ముఖం పెట్టేవాడు. శంకరప్ప బతిమాలాడు, తిట్టాడు, చివరికి విసిగిపోయి వదిలేశాడు. అలాంటిది, ఒక మధ్యాహ్నం తాను నేస్తూ ఉండగా గోడకవతల వాడు ఎవరితోనో ఫోన్లో అంటున్న మాటలు చెవిన పడ్డాయి.

"మూడుసార్లు వరసగా ఎరుపే వచ్చిందిరా. ఈసారి పచ్చే. ఊదా ఎప్పుడో గాని పడదు, దాని జోలికి పోవద్దు."

పడుగు నడుమ అటూ ఇటూ పోయే నాడె శంకరప్ప చేతిలోనే ఆగిపోయింది. ఎరుపు, పచ్చ, ఊదా! రంగుల గురించి ఇంత నిదానంగా ఆలోచించే మగపిల్లాడు తన ఇంట్లో పుట్టాడా? ఊదా సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ రంగు నూలుకు ఒక పట్టాన పట్టదు, పట్టినా ఎండకు వెలిసిపోతుంది. ఎవరూ నేర్పకుండా వీడికి ఆ కిటుకు ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయి, మగ్గం దిగి, ఒక్క ఉదుటున వంటింట్లోకి పోయి భార్య తిమ్మక్కకు చెప్పాడు.

తిమ్మక్క రొట్టె తడుతూనే విన్నది. ఆమెకు ఆనందం కలగలేదు సరికదా, గుబులు పుట్టింది. వాడు సగం రొట్టె తిని లేచిపోతున్నాడని, దొడ్లోకి పోయినా ఫోను వదలడం లేదని, ఒక ఘడియ నవ్వుతూ ఉండి మరు ఘడియలో ఎవరో చచ్చిపోయినట్టు కూర్చుంటున్నాడని చెప్పుకొచ్చింది. శంకరప్ప దగ్గర అన్నిటికీ జవాబుంది. రంగులు కలిపేవాడి బుర్ర అట్లాగే ఉంటుందన్నాడు. బావ పెట్టిన చేతి గడియారం ఏమైందని తిమ్మక్క అడిగితే, రంగు అంటుకుంటుందని తీసి దాచుకుని ఉంటాడన్నాడు. ఏ పేకాటకైనా మరిగాడేమోనని ఆమె నసిగేసరికి ఆయనకు రోషం వచ్చింది.

"మా వంశంలో పేకంటే మగ్గం మీద అడ్డంగా పోయే నూలే. నిలువుది పడుగు, అడ్డంది పేక. ఇంకో పేక మాకు తెలీదు, సూడు."

ఇంకేముంది, సాయంత్రానికల్లా వీధి వీధంతా నాగేష్ రంగుల మాస్టరు అయిపోయాడు. ఆదెప్ప కొట్టు దగ్గర పదిమంది ముందు శంకరప్ప ఊదా రంగు సంగతి ఎత్తి మరీ మీసం దువ్వుకున్నాడు. నాగేష్ ఆ దారిన పోతుంటే పెద్దవాళ్ళు పిలిచి కూర్చోబెట్టి, మా పంచెల అంచుకు ఏ రంగు బాగుంటుంది నాయనా అని అడగడం మొదలుపెట్టారు. వాడు నీళ్ళు నమిలి ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. ఎంత వినయం, చూశారా అనుకున్నారు వాళ్ళు.

ఇంతలో సుమతి సీమంతం దగ్గర పడింది. చీర ఇంట్లోనే నేయాలని శంకరప్ప పట్టు. రంగు దగ్గరే పేచీ వచ్చింది. సీమంతానికి పచ్చచీర కాకపోతే ఎట్లా అని తిమ్మక్క. తమ ఇంట్లో కోడళ్ళందరికీ ఎరుపే పెట్టాం, ఇప్పుడు మార్చడమేమిటని కోడుమూరు వియ్యంకురాలు మారెమ్మ. ఇద్దరూ మెత్తగా మాట్లాడుకుంటూనే ఒక్క అంగుళం కదలడం లేదు. ఇద్దరికీ నచ్చేలా తేల్చగలవాడు మన ఇంట్లోనే ఉన్నాడని ప్రకటించి, శంకరప్ప కొడుకును వెంటబెట్టుకుని ఆదోని బస్సెక్కాడు. దారి పొడుగునా నాగేష్ తల ఫోన్లోనే ఉంది. ఒకసారి వెలిగిపోయాడు, సగం దారి దాటాక చెమటలు పట్టి కిటికీకి తల ఆనించాడు. శంకరప్ప మాత్రం పక్క సీటాయనకు, ఆయన అడగకపోయినా, కొడుకు ప్రతిభ అంతా వివరించాడు.

ఆదోనిలో ఖాసిం సాబ్‌కు నూలు అద్దకం షెడ్డు ఉంది. వయసులో పెద్దవాడే గానీ, శంకరప్పకు మీసాలు రాకముందు నుంచి ఇద్దరికీ స్నేహం. పొగలు కక్కే రంగుతొట్టి మీద కర్ర వేసి, దానికి చిలపలు, అంటే నూలు కట్టలు, వేలాడదీసి, రెండు చేతులా ఆపకుండా తిప్పుతూ ఉండాలి. ఆపితే మరకలు పడతాయి. ఇది అన్ని షెడ్లలోనూ ఉన్నదే. ఖాసిం సాబ్ షెడ్డులో మాత్రం ఇంకో కట్టుబాటు ఉంది. నూలు తొట్టిలో ఉన్నంతసేపూ తిప్పేవాడు అబద్ధం ఆడకూడదు. ఆడితే ఎంత తిప్పినా మరక తప్పదంటారు. అది నిజమో, పనివాళ్ళ చేత కోతలు మాన్పించడానికి సాబ్ తాత పెట్టిన మెలికో ఎవరికీ తెలియదు. కానీ ఆ షెడ్డులో ఇప్పటిదాకా ఎవరూ పరీక్షించి చూసే ధైర్యం చేయలేదు.

ఎరుపుదీ పచ్చదీ రెండు తొట్లూ సిద్ధంగా ఉన్నాయి. శంకరప్ప బస్సులో చెప్పిందంతా ఇక్కడ రెండింతలు చేసి చెప్పాడు. ఖాసిం సాబ్ నవ్వుతూ కుర్రవాడి వైపు తిరిగి, అక్క చీరకు ఏ రంగు వేద్దాం బేటా, ఎరుపా పచ్చా అని అడిగాడు.

నాగేష్ ఫోనులోంచి తల ఎత్తలేదు. నిద్రలో మాట్లాడినట్టు అన్నాడు.

"ఎరుపు మూడుసార్లు వచ్చింది. ఈసారి పచ్చే."

"సూడు సాబ్, సూడు," అన్నాడు శంకరప్ప పొంగిపోతూ.

ఖాసిం సాబ్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. కుర్రవాడిని ఎగాదిగా చూశాడు. ఎండిపోయిన పెదవులు, గుంటలు పడ్డ కళ్ళు, తెరను వదలని బొటనవేలు. ఇవన్నీ ఆయన తన ఇంట్లో చూసినవే.

"ఏ సైటు బేటా?" అని మెల్లగా అడిగాడు.

నాగేష్ చటుక్కున తల ఎత్తాడు. జవాబు శంకరప్ప ఇచ్చాడు. సైటు కొనేంత స్తోమత మాకెక్కడిది సాబ్, ఉన్న ఇల్లు చాలు మాకు అన్నాడు. ఖాసిం సాబ్ ఆ మాటకు నవ్వలేదు, కసురుకోలేదు. నాగేష్‌ను పచ్చరంగు తొట్టి దగ్గరికి తీసుకుపోయి, నూలు వేలాడుతున్న కర్ర వాడి రెండు చేతుల్లో పెట్టాడు. ఫోను జేబులోకి పోక తప్పలేదు.

రెండు తిప్పులు తిప్పాడో లేదో జేబులో ఫోను గురగురలాడింది. వాడి భుజం అటు లాగింది. తిప్పు బేటా, ఆపితే మరక అన్నాడు సాబ్. మళ్ళీ గురగురలాడింది. వాడు కర్ర వదలలేదు.

"నూలు తొట్టిలో ఉంది," అన్నాడు ఖాసిం సాబ్. "అది మీ అక్క చీర. ఇప్పుడు సెప్పు. ఎన్నాళ్ళాయె?"

నాగేష్ తండ్రి వైపు చూశాడు. తొట్టి వైపు చూశాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి, కడుపుతో ఉన్న అక్క కళ్ళ ముందు మెదిలి వెనక్కి పోయింది.

"ఉగాది కాణ్ణించి, తాతా. ఫోన్లో ఆట. నిమిషానికొక రంగు వస్తాది. ఏది వస్తాదో ముందే పందెం కట్టాల. మొదట్లో నాకే వచ్చినాయి. తరవాత అన్నీ పోయినాయి. పోయినవి రాబట్టుకుందామని మళ్ళా కడతాండా. గడియారం అమ్మేసినా. స్నేహితుల కాడ తీసుకున్నా. ఆపాలనే ఉంది తాతా, సెయ్యి ఆగదు."

శంకరప్పకు మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే అర్థమైంది. వరసగా వచ్చిన ఎరుపు. ఎప్పుడో గాని పడని ఊదా. కనిపించని గడియారం. వీధంతా తిరిగి తాను చెప్పుకొన్న గొప్పలు గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. సిగ్గు నెత్తికెక్కి కోపమైంది. పళ్ళు పటపట కొరుకుతూ చెయ్యెత్తాడు.

ఎత్తిన చెయ్యి దిగేలోపల అందులో ఒక కర్ర వచ్చి పడింది. ఖాసిం సాబ్ ఎర్రరంగు తొట్టి ముందుకు ఆయనను తోసి, అందులోకి నూలు దించి, రెండో చేతికి కూడా కర్ర పట్టించాడు.

"తిప్పు శంకరప్పా. ఎరుపు నూలు పాడైపోతాంది."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నూలుతో బతికినవాడు నూలు పాడవుతుందంటే వదిలేస్తాడా? బూతులు తిట్టుకుంటూనే తిప్పసాగాడు. తండ్రి ఒక తొట్టి దగ్గర, కొడుకు ఒక తొట్టి దగ్గర. మధ్యలో ముక్కాలి పీట వేసుకుని కూర్చుని ఖాసిం సాబ్ చెప్పాడు.

"మా మనవడు ఉమేర్‌కు ఇదే తగులుకునె. నేనూ ఇట్లనే సెయ్యెత్తినా. ఎత్తి ఊరుకోలా, కొట్టినా. ఫోను పగలగొట్టినా. వాడు ఇంకో ఫోను సంపాయించుకున్నాడు, నాకు సెప్పడం ఒక్కటే మానేసినాడు. ఆఖరికి గుంతకల్లు స్టేషన్లో దొరికినాడు, రైలు పట్టాల పక్కన కూసోని. ఈ పొద్దు నీ సెయ్యి పడిందంటే నాగేష్ నీకు ఇంకెప్పుడూ నిజం సెప్పడు. వాడు నిజం సెప్పినన్నాళ్ళే వాడు మనకాడ ఉన్నట్టు, శంకరప్పా."

శంకరప్ప చేతుల్లో కర్ర తిరుగుతూనే ఉంది. గుంతకల్లు స్టేషను ఆయన కళ్ళ ముందు నిలబడింది. కోపం దిగి, దాని చోట భయం వచ్చింది. తొట్టి ఆవిరి చాటున కళ్ళు తుడుచుకోవాలంటే చేతులు ఖాళీ లేవు. కన్నీళ్ళు అట్లాగే కారనిచ్చాడు. కర్ర తిప్పుతూనే కొడుకుతో అన్నాడు.

"ఊదా జోలికి పోవద్దని నువ్వంటివి కదరా. నా కొడుకు ఎంత తెలివైనోడో అని ఆదెప్ప కొట్టుకాడ అందరికీ సెప్పుకుంటిని కదరా."

ఏడుస్తున్న నాగేష్‌కు ఎక్కడినుంచి వచ్చిందో నవ్వు వచ్చింది. ఆపుకోబోతే ఇంకా ఎక్కువైంది. పంచెల అంచులకు నేను చెప్పిన రంగులన్నీ తప్పేనేమో నాయినా అన్నాడు. ఆ మాటకు ఖాసిం సాబ్ పీట మీది నుంచి పడబోయాడు. శంకరప్ప ఏడుస్తూనే నవ్వాడు, నవ్వుతూనే తిట్టాడు. ముగ్గురూ నవ్వీ నవ్వీ అలిసిపోయారు గానీ కర్రలు మాత్రం ఆగలేదు.

చిలపలు బయటికి తీసేసరికి జేబులో ఫోను ఎప్పుడో ఊరుకుంది. ఇందాక చెయ్యి అటు లాగింది కదా, ఇప్పుడెట్లుందని సాబ్ అడిగాడు. నాగేష్ ఒక క్షణం ఆలోచించి, తగ్గిందని తానే ఆశ్చర్యపోతూ చెప్పాడు. మళ్ళీ వస్తుంది, వచ్చినప్పుడు చేతుల్లో పని పెట్టుకో, పక్కన మనిషిని పెట్టుకో, వచ్చినది పోతుందన్నాడు సాబ్. దండెం మీద నూలు ఆరాక చూస్తే ఎరుపులోనూ పచ్చలోనూ ఒక్క మరక లేదు. శంకరప్ప పచ్చ చిలపలను అటూ ఇటూ తిప్పి మరీ చూశాడు.

ఆ వారంలోనే ఉమేర్ మోటారు సైకిలు మీద వచ్చాడు. నాగేష్‌కంటే రెండేళ్ళు పెద్ద, గలగలా మాట్లాడే మనిషి. తాను చూపించుకున్న మనసు డాక్టరమ్మ దగ్గరికి నాగేష్‌ను కర్నూలు తీసుకుపోయాడు. శంకరప్ప కూడా వెంట పోయాడు. ఇది కూడా ఒక జబ్బే, తిడితే ముదురుతుంది, తోడుంటే దిగుతుంది అని ఆమె చెప్పింది. నాగేష్ సిమ్ములు మార్చి, తన ఫోను తిమ్మక్క చేతిలో పెట్టి, ఆమె పాత బటన్ల ఫోను తాను తీసుకున్నాడు. ఆ పెద్ద ఫోనుతో ఏం చేయాలో తెలియక తిమ్మక్క దాన్ని పప్పుల డబ్బాలో పెట్టింది. స్నేహితుల బాకీ తండ్రి తీర్చకూడదని, నాగేష్ నేసి తానే తీర్చుకోవాలని అనుకున్నారు. ఆ విధంగా వాడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టాడు. ఈసారి ముఖం మామూలుగానే పెట్టాడు.

మిగిలింది వీధి. శంకరప్ప రెండు రోజులు ఆదెప్ప కొట్టు వైపు తొంగి చూడలేదు. మూడో రోజు కొడుకును అడిగాడు, చెప్పనా అని. నాగేష్ తల వంచుకునే, చెప్పు నాయినా, దాచిపెట్టినన్నాళ్ళూ దాని మీదికే పోతాంది బుద్ధి అన్నాడు. శంకరప్ప పోయి పదిమంది ముందు నిలబడ్డాడు.

"మావాడికి రంగుల పిచ్చి అంటిని కదా. అది నేననుకున్న పిచ్చి కాదు. ఫోన్లో పందేల పిచ్చి. డాక్టరుకు సూపిస్తాండాము. మీ కాడ వాడు అప్పడిగితే ఇయ్యొద్దండి, పని అడిగితే ఇయ్యండి."

నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆదెప్ప కడిగిన టీ గ్లాసునే మళ్ళీ కడిగాడు. శంకరప్ప ఇల్లు చేరేలోపల ఒకాయన వెనకే వచ్చి, ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుందని గొంతు తగ్గించి అడిగాడు. సాయంత్రానికి ఇంకొకాయన వచ్చాడు. ఆ తర్వాత ఆదెప్పే వచ్చాడు, కొడుకు ఈరేష్ గురించి.

అన్నీ సాఫీగా సాగాయనుకునేరు. ఒక మధ్యాహ్నం నాగేష్ ఇంట్లోకి వచ్చి తండ్రి మగ్గం పక్కన నిలబడ్డాడు.

"నాయినా, ఈరేష్ ఫోన్లో ఆడినా."

శంకరప్ప చేతులు రెండూ బిగుసుకున్నాయి. ఒక్క క్షణం ఆ ఇంట్లో ఏమైనా జరిగి ఉండేది. వాడు చెప్పాడు, ఎవరూ అడగకుండా వచ్చి చెప్పాడు అని ఆయన తనకు తాను గట్టిగా చెప్పుకొన్నాడు. లేచి రాట్నం తెచ్చి నడింట్లో వేశాడు. కండెలు చుడదాం పట్టు అన్నాడు. కండెకు నూలు చుట్టడమంటే వాళ్ళిద్దరికీ పరమ చిరాకు, ఎప్పుడూ తిమ్మక్క చేసే పని. ఒకరు తిప్పారు, ఒకరు పట్టారు. పొద్దు వాలేసరికి ఇంట్లో ఉన్న నూలంతా కండెల మీదికి ఎక్కింది. తిమ్మక్క వచ్చి చూసి, ఇవి అన్నీ నేయాలంటే నలుగురు కొడుకులు కావాలని గొణిగింది. ఉన్న ఒక్కడే చాలన్నాడు శంకరప్ప. మర్నాడు ఈరేష్‌ను కూడా లాక్కొచ్చి ఉమేర్ వెంట కర్నూలు పంపారు.

సుమతి చీర నాగేష్ ఒక్కడే నేశాడు. మగ్గానికి అడ్డంగా దుప్పటి కట్టి ఎవరినీ చూడనివ్వలేదు. ఏ రంగు వేస్తున్నాడో చెప్పమని తిమ్మక్క బతిమాలింది. కోడుమూరు నుంచి మారెమ్మ రోజూ ఫోను చేసింది. ఆ ఫోను పప్పుల డబ్బాలో మోగుతూ ఉండేది. చీర రంగు శంకరప్పకు తెలుసు గానీ చెప్పలేదు. సంతోషాన్ని కడుపులో దాచుకోవడం ఆయన జన్మలో అదే మొదలు.

సీమంతం నాడు ఇల్లంతా గాజుల చప్పుడు, బొరుగుల ఉగ్గాని వాసన. ఖాసిం సాబ్ కొత్త లుంగీ కట్టుకుని, ఆదోని నుంచి మిఠాయి డబ్బాలతో ఉమేర్ బండి వెనక దిగాడు. గదిలోంచి సుమతి చీర కట్టుకుని నిండుగా నడిచి వచ్చింది. తిమ్మక్క కళ్ళు మెరిశాయి, పచ్చచీర అంది. ఎదురుగా కూర్చున్న మారెమ్మ ఊరుకోలేదు. నీ కళ్ళకు ఏమైంది వదినా, ఎర్రగా కనిపిస్తుంటే అంది. సుమతి నవ్వుతూ వాకిలి ఎండ వైపు తిరిగింది. ఇప్పుడు తిమ్మక్కకు ఎరుపు కనిపించింది, మారెమ్మకు పచ్చ. ఆడవాళ్ళు రెండు జట్లయ్యారు. గోల మిన్నంటింది.

"ఎరుపే," అంది మారెమ్మ తొడ చరిచి. "పందెం కాస్తావా?"

మాట నోరు జారిందని ఆమెకూ తెలిసింది. గాజుల చప్పుడు ఆగిపోయింది. తిమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిఠాయి పళ్ళెంతో నడుమ నిలబడి ఉన్నాడు నాగేష్. శంకరప్ప కొడుకు ముఖం వైపే చూస్తున్నాడు. నాగేష్ ఒకసారి తండ్రిని చూశాడు. తర్వాత హాయిగా నవ్వి, మారెమ్మ చేతిలో మిఠాయి పెట్టాడు.

"నేను కాయనత్తా. దీంట్లో ఎవురూ ఓడిపోరు. పడుగు ఎరుపు, మా నాయిన అద్దింది. పేక పచ్చ, నేను అద్దింది."

"ధూప్ ఛావ్," అన్నాడు ఖాసిం సాబ్ మురిసిపోతూ. "ఎండా నీడా."

ఇల్లంతా గొల్లున నవ్వింది. మారెమ్మ మిఠాయి నోట్లో వేసుకుని నాగేష్ బుగ్గలు పుణికింది. సుమతి చీర కొంగు ఎండలోకి చాపి ఎరుపూ పచ్చా మార్చి మార్చి చూపించింది. తండ్రికి కూడా చూపిద్దామని తల ఎత్తితే ఆయన అక్కడ లేడు. చెప్పులైనా వేసుకోకుండా వాకిట్లోకి పరుగెత్తి, వీధి మొత్తానికీ వినిపించేలా ఆదెప్పను కేకేస్తున్నాడు.